గూడ అంజయ్య: ఉత్తర తెలంగాణ ధిక్కార గీతం

గూడ అంజయ్య (1955–2016) ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు చెందిన పాటకవి, గాయకుడు, కథా రచయిత. 1970ల నాటి రైతు కూలీ ఉద్యమాల కాలంలో పాట కట్టడం మొదలుపెట్టి, తెలంగాణ రాష్ట్ర సాధన ఉద్యమం దాకా రచన సాగించిన ఈయన పేరు వినని వారు కూడా ‘ఊరు మనదిరా’ అనే పాటను ఎరుగుదురు. పాట ఊరూరా తెలిసి, కట్టినవాని పేరు కొందరికే తెలియడం జానపద సంప్రదాయంలో మామూలే గాని, అచ్చుపుస్తకం, క్యాసెట్టు, సినిమా అన్నీ అందుబాటులోకి వచ్చిన కాలంలో జీవించిన కవికి ఆ స్థితి కలగడం అరుదైన విషయం. అధికారాన్నీ ఆస్తినీ కుల మర్యాదలనూ నిలదీయడానికి పదిమంది కలిసి పాడే పాటను ధిక్కార గీతం అంటారు. అటువంటి పాట సాధారణంగా తనను పుట్టించిన సందర్భంతోపాటే వాడిపోతుంది. అంజయ్య పాటల్లోనూ కొన్నింటికి ఆ గతి పట్టింది. అయితే ఆయన కట్టిన మూడు నాలుగు పాటలు మాత్రం, అవి పుట్టిన ఉద్యమాలు చల్లారి, వాటిని మోసిన సంస్థలు చీలిపోయి, జిల్లా సరిహద్దులే మారిపోయిన తరువాత కూడా జనం నోట నిలిచాయి. ఒక నాయకుణ్ణి గాని పార్టీని గాని కీర్తించకుండా, శ్రమ ఎవరిది, ఫలం ఎవరిది అని లెక్క అడగడమే వాటి మన్నికకు మూలమన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అభిప్రాయం.

పుట్టిన నేల

అంజయ్య ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపురంలో లక్ష్మయ్య, లక్ష్మమ్మ దంపతులకు ఒక దళిత కుటుంబంలో జన్మించాడు. 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ మండలం మంచిర్యాల జిల్లాలో చేరింది గాని, అంజయ్య అంతకు దాదాపు నాలుగు నెలల ముందే, అదే సంవత్సరం జూన్ 21న, దీర్ఘకాలిక అనారోగ్యంతో కన్నుమూశాడు. అందువల్ల ఆయన్ని సాధారణంగా ఆదిలాబాద్ కవిగానే పేర్కొంటారు. వృత్తిరీత్యా ఆయన ఫార్మసిస్టు, అంటే దవాఖానలో మందులు కట్టి ఇచ్చే ఉద్యోగి. పాటలతోపాటు ‘పొలిమేర’ అనే నవల, ‘దళిత కథలు’ పేరుతో కథలు కూడా రాశాడు.

దండేపల్లి, లక్సెట్టిపేట ప్రాంతపు భౌగోళిక స్థితి ఈ కవిని అర్థం చేసుకోవడానికి కొంత తోడ్పడుతుంది. దక్షిణాన గోదావరి, దాని ఒడ్డున గూడెం సత్యనారాయణస్వామి గుట్ట, రాయపట్నం వంతెన దాటితే పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ధర్మపురి, జగిత్యాల. తూర్పున మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనులు. ఉత్తరాన ఇప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యంగా ఉన్న అడవి, అందులో గోండు, కొలాం, నాయక్‌పోడు గూడేలు. ఈ విధంగా వరిపొలం, బొగ్గుబాయి, అడవి అనే మూడు శ్రమ ప్రపంచాలు ఒక రోజు నడక దూరంలో కలిసే చోట్లు తెలంగాణలో ఎక్కువ లేవు. ఈ మూడింటిలోనూ 1970ల చివరి నుంచి 1980ల మొదలు దాకా దాదాపు ఒకేసారి అశాంతి రగిలింది.

సంగీత సంపద విషయంలోనూ ఈ ప్రాంతం పేదది కాదు. మల్లన్న, బీరప్పల చరిత్రలను డోలు మీద గానం చేసే ఒగ్గుకథ, తంబూర మీటుతూ వీరుల కథలు చెప్పే శారదకథ, వేషం కట్టి రాత్రంతా ఆడే చిందు యక్షగానం, స్త్రీలు చప్పట్లు తడుతూ చుట్టూ తిరిగి పాడే బతుకమ్మ ఉయ్యాల పాటలు, నాట్లలోనూ కలుపులోనూ ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు అందుకునే పొలం పాటలు, వీటన్నింటికీ తోడు పెండ్లికీ చావుకూ చాటింపుకూ మోగే దప్పు, అడవి అంచున దీపావళి రోజుల్లో గోండులు ఆడే దండారి, గుస్సాడి నృత్యాలు ఇక్కడివారికి చిన్ననాటి నుంచే చెవిన పడతాయి. ధిక్కార గీతాన్ని కట్టిన తరం ఈ వరుసలను, అంటే బాణీలను, పరిశోధించి సేకరించవలసిన అవసరం లేకపోయింది. వాళ్లు వాటిలోనే పెరిగారు. పట్టణాల నుంచి వచ్చిన కార్యకర్తలకు అవి ప్రచార సాధనాలుగా కనిపించి ఉండవచ్చు గాని, లింగాపురం వంటి ఊళ్లలో పుట్టిన కవికి అవి పలుకుబడిలో భాగం.

పాటను అడిగిన కాలం

నిజాం పాలన ముగిసి మూడు దశాబ్దాలు గడచినా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో దొరల పెత్తనం అంతరించలేదు. దొర అంటే కేవలం భూస్వామి కాదు. కోటవంటి ఇల్లయిన గడిలో ఉంటూ తగవులు తీర్చేవాడు, జరిమానాలు వేసేవాడు, కూలి లేకుండా చేయించుకునే వెట్టిచాకిరికి కులాల వారీగా వంతులు పెట్టేవాడు. జీతగాళ్లు, అంటే ఏడాది కట్టుబడితో పనిచేసే పాలేర్లు, అప్పు తీరక తరాల తరబడి ఒకే ఇంటి గుమ్మం ముందు నిలబడేవారు. ఈ పరిస్థితుల నడుమ 1970లో విప్లవ రచయితల సంఘం, 1972లో జన నాట్య మండలి ఏర్పడ్డాయి. అత్యవసర పరిస్థితి ముగిసిన వెంటనే విద్యార్థి, యువజన సంఘాలు ‘గ్రామాలకు తరలండి’ అన్న పిలుపుతో వేసవి సెలవుల్లో పల్లెలకు వెళ్లడం మొదలైంది. వెట్టి రద్దు, కూలి పెంపు, దొరలు వసూలు చేసిన దండుగల తిరిగి చెల్లింపు, బంజరు భూముల పంపిణీ వంటి కోర్కెలతో రైతు కూలీ సంఘాలు వెలిశాయి. కొన్ని ఊళ్లలో చాకలి, మంగలి మొదలైన వృత్తులవారు దొరల ఇళ్ల పనులు మానివేసి, ఇన్నాళ్లూ బడుగుల మీద ప్రయోగించిన సాంఘిక బహిష్కారమనే ఆయుధాన్ని దొరల వైపు తిప్పారు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన భారీ ఊరేగింపు ‘జగిత్యాల జైత్రయాత్ర’ పేరుతో ప్రసిద్ధమైంది. అదే సంవత్సరం అక్టోబర్ 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981లో సింగరేణి గని కార్మికులు సుదీర్ఘంగా సమ్మె చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం తలపెట్టిన సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం చెప్పగా, 60 మందికి పైగా అని పౌరహక్కుల సంఘాలు ప్రకటించాయి. పెద్దపల్లి ప్రాంతానికి చెందిన అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ వంటి నవలల్లో, జగిత్యాలకు చెందిన అలిశెట్టి ప్రభాకర్ కత్తివాదరవంటి చిన్న కవితల్లో ఈ కాలాన్నే నమోదు చేశారు. అయితే అక్షరాస్యత స్వల్పంగా ఉన్న ఆ పల్లెల్లో నవలకు గాని కవితకు గాని చేరలేని చోటికి పాట చేరింది. సభలకు అనుమతి నిరాకరించవచ్చు, పుస్తకాన్ని జప్తు చేయవచ్చు. ఒకసారి నోటికి వచ్చిన పాటను ఏ చట్టం కిందా స్వాధీనం చేసుకోలేరు.

‘ఊరు మనదిరా’ నిర్మాణం

ఈ వాతావరణంలో పుట్టిన పాటల్లో ‘ఊరు మనదిరా’కు ప్రత్యేక స్థానముంది. పదహారు భాషల్లోకి వెళ్లిందని ఆయన జీవిత పరిచయాల్లో పేర్కొనే ఈ పాట తెలంగాణ సరిహద్దులు దాటి తెలుగు మాట్లాడే అన్ని ప్రాంతాల్లోనూ సభావేదికల మీద వినిపించింది. ఇందులో సిద్ధాంత పరిభాష లేదు. ఊరు, వాడ, పనిచేసే చేతుల్లోని పనిముట్లు, దుక్కి సాగించే పశువులు, వీటిని ఒక్కొక్కటిగా పేరుపెట్టి పిలిచి, ఇవన్నీ మనవే అయినప్పుడు నడుమ ఈ దొర ఎవడు, వాని పీకుడు ఏమిటి అని అడగడమే దాని సారాంశం. మార్క్సిస్టు అర్థశాస్త్రంలో ఉత్పత్తి సాధనాలపై యాజమాన్యం అని చెప్పే విషయాన్ని ఆ మాటలు ఒక్కటీ వాడకుండా, పెరట్లో కనిపించే వస్తువుల పట్టికగా మార్చడం ఈ కవి సాధించిన పని. సిద్ధాంతం తెలిసినవారు ఇలాంటి పాటలు చాలా రాశారు. వాటిలో అధిక భాగం కరపత్రాన్ని తాళానికి ఒదిగించినట్లుండి, పాడినవారికే బరువయ్యాయి.

పాట నిర్మాణాన్ని గమనిస్తే దాని వ్యాప్తికి గల కారణం స్పష్టమవుతుంది. ఒకరు చరణం ఎత్తుకోవడం, తక్కినవారు వంతగా, అంటే కోరస్‌గా, పల్లవిని అందుకోవడం పొలం పాటల పద్ధతి. పట్టికగా సాగే పాటలో వినేవాడు రెండవ చరణానికే వరుస పసిగట్టి గొంతు కలపగలడు. మూడవ చరణానికి రాబోయే వస్తువును ఊహించగలడు. ఇంకొంచెం చొరవ ఉన్నవాడు తన వృత్తి పనిముట్టును తానే చేర్చగలడు. నాగలి ఉన్న చోట మగ్గాన్ని గాని, గడ్డపార ఉన్న చోట బొగ్గుబాయి కార్మికుల తట్టా చెమ్మసును గాని ఉంచినా పాట చెడదు. ఇట్లా తెరచి ఉన్న రచన వల్ల పాట కవి చేతి నుంచి జారిపోయే ప్రమాదం ఉన్నమాట నిజమే. ఆ ప్రమాదమే దానికి ఆయుష్షు పోసింది. ఏ చరణం మూలంలోనిది, ఏది తరువాత వచ్చిన చేర్పు అన్న విచారణ పాడేవారికి పట్టదు.

సర్వనామం విషయంలోనూ కవి చూపిన నేర్పు గమనార్హం. ‘నాది’ అనే వ్యక్తిగత హక్కును గాని, ‘ప్రజలది’ అనే అమూర్తమైన మాటను గాని కాక, తెలుగులో వినేవానినీ తనతో కలుపుకొనే ‘మన’ను ఆయన ఎన్నుకున్నాడు. తెలుగులో ‘మేము’ వినేవానిని వెలుపల ఉంచుతుంది, ‘మనము’ లోపలికి తీసుకుంటుంది. ఊరికి దూరంగా వాడలో ఉంచబడిన దళితుడు ఆ ఊరు మనదే అని పలకడం, కుల వ్యవస్థ గీసిన గీతను ఆ పలుకుతోనే చెరిపివేయడం. ఈ పాటను వర్గ పోరాట గీతంగా మాత్రమే వ్యాఖ్యానించిన విమర్శకులు ఈ రెండవ అర్థాన్ని ఎక్కువగా పట్టించుకోలేదు; 1985 నాటి కారంచేడు మారణకాండ తరువాత బలపడిన దళిత సాహిత్యోద్యమపు వెలుగులో చదివినప్పుడు గాని అది పూర్తిగా బయటపడదు.

దీనికి తోడుగా చెప్పదగిన పాట ‘అసలేటి వానలు’ ప్రస్తావనతో మొదలయ్యేది. ఆశ్లేష కార్తె వానల్లో ముసలి ఎడ్లతో బురదలో దుక్కిదున్నే మనిషి కష్టాన్ని చెప్పి, పండిన వడ్లు ఎవరి గరిసెల్లోకి చేరాయన్న ప్రశ్న వేస్తుందది. గరిసె అంటే ధాన్యం నిల్వచేసే పెద్ద గాదె. ఇక్కడా అదే లెక్క: దున్నింది ఎవరు, నిండింది ఎవరిది.

సర్కారు దవాఖాన పాట

అంజయ్య రచనల్లో ‘నేను రాను బిడ్డో’ అనే పేరుతో తెలిసిన పాట ప్రత్యేకంగా పరిశీలించదగినది. జబ్బుపడిన పేదమనిషి సర్కారు దవాఖానకు రానని మొరాయించడం దీని వస్తువు. ధిక్కార గీతాల్లో శత్రువుగా దొర, పోలీసు, ప్రభుత్వం తరచుగా కనిపిస్తాయి గాని, మందులు లేని, పలకరింపు లేని, పోతే తిరిగివస్తామన్న నమ్మకం లేని ఒక ప్రభుత్వ సేవను విషయంగా తీసుకున్న పాటలు తక్కువ. దాన్ని రాసినవాడు వైద్య రంగంలోనే పనిచేసే ఫార్మసిస్టు కావడం వల్ల ఆ ఆరోపణకు సాక్ష్యపు బలం వచ్చింది. ఇందులో ఆవేశం కంటె హాస్యం, దాని వెనుక భయం ఎక్కువ. వేదిక మీద పాడితే మొదట నవ్వు పుట్టించి, తరువాత నిశ్శబ్దం చేసే రకం పాట ఇది.

ఈ పాట ప్రాసంగికతకు విచిత్రమైన రుజువు పాలకుల నుంచే లభించింది. తెలంగాణ ఏర్పడిన తరువాత, ముఖ్యంగా 2017లో బాలింతలకు కేసీఆర్ కిట్ పథకం మొదలైనప్పటి నుంచి, అధికారంలో ఉన్న నాయకులు తమ సభల్లో ఈ పాటను పదే పదే గుర్తుచేస్తూ, ఒకప్పుడు జనం రానన్న దవాఖానకు ఇప్పుడు తామే పోదాం పద అంటున్నారని చెప్పుకున్నారు. ప్రతిపక్షాలు, పత్రికలు ఆసుపత్రుల్లో లోపం కనబడిన ప్రతిసారీ అదే పాటను శీర్షికగా ఎత్తుకున్నాయి. పాలకుడు తన పనితీరును ఒక పాటకు జవాబుగా చెప్పుకోవలసి రావడం, ఆ జవాబు సరైనదా కాదా అని అదే పాటతో కొలవడం, ఏ పురస్కారమూ ఇవ్వలేని గుర్తింపు. కవి పేరు మాత్రం ఈ ఉపన్యాసాల్లో అరుదుగానే వినిపించింది.

సినిమా, గద్దర్, రాష్ట్రోద్యమం

బి. నర్సింగరావు దర్శకత్వంలో 1983లో వచ్చిన ‘రంగుల కల’ చిత్రంలో అంజయ్య రాసిన ‘భద్రం కొడుకో’ పాట ప్రజాగాయకుడు గద్దర్ గొంతులో వినబడి విస్తృత ప్రచారం పొందింది. పట్నం పోయిన కొడుకుకు పైలం చెప్పే ఈ పాటలో విప్లవ నినాదమేదీ లేదు. ఊరు వదిలిన మనిషికి నగరంలో ఎదురయ్యే మోసాల జాబితా మాత్రమే ఉంది. దర్శకుడు ఆర్. నారాయణమూర్తి తీసిన ఉద్యమ చిత్రాలు కూడా ఆయన పాటలను సినిమా హాళ్ల దాకా తీసుకెళ్లాయి. 

గద్దర్‌తో పోలిక ఇక్కడ తప్పదు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా మారి, బ్యాంకు ఉద్యోగం వదిలి, అజ్ఞాతంలోకి వెళ్లి, 1990లో తిరిగి జనంలోకి వచ్చి, 1997 ఏప్రిల్ 6న తన మీద జరిగిన కాల్పుల్లో ఒంట్లో తూటాతో బతికి, 2023 ఆగస్టు 6న మరణించేదాకా ఒక చరిత్రగా నిలిచాడు. ఆయన కళ ప్రధానంగా ప్రదర్శన: గొంగడి, చేతికర్ర, కాలి గజ్జె, అడుగు, ఆగి పలికే మాట కలిసినప్పుడే గద్దర్ పాట సంపూర్ణం. అంజయ్యది ప్రధానంగా రచన. పాడేవాడు ఎవరైనా పాట నడుస్తుంది. ఒకరి పాట మరొకరి గొంతులో చేరడం వల్ల ‘భద్రం కొడుకో’ వంటివాటిని చాలామంది గద్దర్ రచనలుగానే భావిస్తారు. ఉద్యమ సంస్కృతిలో సొంతపేరు చెప్పుకోవడం చిన్నతనంగా భావించే అలవాటు ఉండేది. అది గొప్ప విలువే గాని, దాని వల్ల పేద దళిత కవులకే ఎక్కువ నష్టం జరిగిందన్నది కూడా గుర్తించవలసిన విషయం.

తెలంగాణ రాష్ట్రోద్యమంలో అంజయ్య ‘అయ్యోనివా నువ్వు’, ‘రాజిగ ఒరె రాజిగా’ వంటి పాటలతో రెండవ దశలోకి ప్రవేశించాడు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, అంటే పాట, ఆట, మాట కలగలిసిన రాత్రి సభ, ఊరూరా పాకినప్పుడు ఈ పాటలు దాని ఊపిరిలో భాగమయ్యాయి. 2009 నవంబర్ 29న కరీంనగర్ దగ్గర అలుగునూరులో రాష్ట్రోద్యమ నాయకుడు కేసీఆర్ అరెస్టు తరువాత ఎగసిన ఆందోళనల్లో, 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు సాగి సింగరేణి గనులను సైతం స్తంభింపజేసిన సకల జనుల సమ్మెలో ఇవి విరివిగా వినిపించాయి. అయినప్పటికీ వీటిని ‘ఊరు మనదిరా’తో సమానంగా నిలపడం కష్టం. వీటిలో ‘అయ్యోనివా నువ్వు’ ప్రాంతేతర పాలకుణ్ణి ఉద్దేశించి, అతని నిజాయితీని ప్రశ్నించే పాట; రెండూ రాష్ట్ర సాధనతోనే ముడిపడినవి. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడటంతో వాటి ఉద్దేశం నెరవేరింది, దానితో వాటి పదును కూడా తగ్గింది. పాత పాటలోని దొర మాత్రం ఏ ప్రాంతంవాడో కవి చెప్పలేదు. అందుకే కొత్త రాష్ట్రంలో కొత్త పాలకుల తీరు గిట్టనివారు వెతుక్కున్నది 2000ల పాటలను కాదు, 1970ల పాటను.

ఇతర దేశాల సాటి పాటలు

ఈ విధమైన మన్నిక ఒక్క తెలంగాణకే పరిమితం కాదు. అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ 1940లో, ఈ నేల నీది, నాది అనే అర్థం వచ్చే పాట రాశాడు. ప్రైవేటు ఆస్తిని నిలదీసే చరణాన్ని వదిలిపెట్టి అమెరికన్ బడుల్లో దాన్ని దేశభక్తి గీతంగా పిల్లలకు నేర్పారు. 2009 జనవరిలో ఒబామా ప్రమాణ స్వీకార సందర్భపు కచేరీలో పీట్ సీగర్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆ విడిచిన చరణాన్ని కూడా పాడారు. చిలీలో 1973 సెప్టెంబర్‌లో సైనిక కుట్ర జరిగిన వెంటనే చంపబడిన విక్టర్ హారా పాటలను, 2019లో శాంటియాగో వీధుల్లోకి వచ్చిన లక్షలమంది పాడారు. ఆయన్ని బంధించిన క్రీడాప్రాంగణానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఈ రెండు ఉదాహరణలూ ధిక్కార గీతానికి ఎదురయ్యే రెండు దారులను చూపుతాయి: ప్రభుత్వం దాన్ని కోరలు పీకి దత్తత తీసుకోవడం ఒకటి, జనం దాన్ని మరో తరంలో కోరలతో సహా వెనక్కి తెచ్చుకోవడం రెండవది. అంజయ్య పాట ప్రస్తుతం ఈ రెండు దారుల కూడలిలో ఉంది.

నేటి స్థితి

రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి అనే సంస్థను నెలకొల్పి, ఉద్యమంలో ఆడిపాడిన సుమారు 550 మంది కళాకారులకు జీతం ఇచ్చే ఉద్యోగాలు కల్పించింది. కడుపు మాడ్చుకొని పాడినవారికి నెలజీతం దొరకడాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే ప్రభుత్వ పథకాల ప్రచారం వారి విధిగా మారినప్పుడు, అదే వరుసలు, అదే దప్పు, అదే గజ్జెలు ఎదుటి పక్షం చేతికి చేరాయి. నిరసన రూపం ప్రచార రూపంగా మారడం ఎంత తేలికో ఈ పరిణామం చూపింది. వరుసకు సొంత రాజకీయం ఉండదు. ప్రశ్న అడిగితేనే పాట ధిక్కారమవుతుంది. అంజయ్య పాట ప్రశ్నగా కట్టబడింది గనుక, దాన్ని ప్రభుత్వ వేదిక మీద పాడినా ఎవరిని అడుగుతున్నారన్న అనుమానం శ్రోతకు కలగక మానదు.

ఆ ప్రశ్నకు సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన సొంత మండలమైన దండేపల్లిలోని కోయపోచగూడలో 2022లో పోడు భూముల విషయమై ఆదివాసీ మహిళలకు, అటవీ సిబ్బందికి మధ్య తీవ్రమైన ఘర్షణ జరిగి, పలువురు మహిళలు జైలు పాలయ్యారు. పోడు అంటే అడవి నరికి చేసే సాగు. అది ఆక్రమణా, తరతరాల హక్కా అన్న వివాదం 2006 అటవీ హక్కుల చట్టం వచ్చిన తరువాత కూడా తీరలేదు. జల్, జంగల్, జమీన్ (నీరు, అడవి, భూమి) కోసం గోండు వీరుడు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు అర్పించిన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే, ఊరు ఎవరిదన్న ప్రశ్న అడవి ఎవరిదన్న రూపంలో కొనసాగుతున్నది. సింగరేణి భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్ గనులు, అంటే నేల పైపొరను మొత్తంగా తవ్వి బొగ్గు తీసే గనులు, విస్తరించిన కొద్దీ ఊళ్లకు ఊళ్లు తరలిపోయాయి. గోదావరి మీద ఎల్లంపల్లి, మానేరు మీద మిడ్ మానేరు జలాశయాలు నిండినప్పుడు మరికొన్ని మునిగిపోయాయి. ఊరే లేకుండా పోయినవారికి ఆ పాట పల్లవి ఆస్తి హక్కు ప్రకటనగా కాక, జ్ఞాపకంగా వినిపిస్తుంది. కవి ఊహించని అర్థమిది.

‘భద్రం కొడుకో’ కూడా ఇట్లాగే చోటు మార్చుకుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి లక్షల సంఖ్యలో యువకులు దుబాయి, సౌదీ, కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లారు. ఏజెంట్ల మోసం, వీసా చిక్కులు, శవపేటికలో తిరిగిరావడం ఈ ఊళ్లకు కొత్త కాదు. పట్నం పోయే కొడుకుకు చెప్పిన జాగ్రత్తలను ఇప్పుడు విమానం ఎక్కే కొడుకుకు అన్వయించుకోవడానికి పాటలో ఒక్క మాట కూడా మార్చనక్కరలేదు.

మరోవైపు పాట పంచే మార్గం పూర్తిగా మారిపోయింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ వంటి యూట్యూబ్ ప్రసారాలు చూపినట్లు, పల్లెలోనే చిత్రీకరించి, పల్లె యాసలోనే లోకమంతటికీ వినిపించడం ఇప్పుడు సాధ్యం. కరీంనగర్ చుట్టుపక్కల జానపద వీడియో పాటల తయారీ ఒక జీవనోపాధిగా మారింది. వాటిలో అధిక భాగం బావామరదళ్ల సరసం, పెండ్లి నృత్యం కోసం కట్టినవే. దీన్ని పతనంగా ఈసడించడం తొందరపాటు, ఎందుకంటే జానపదంలో సరసం ఎప్పుడూ ఉంది. తేడా వంతలో ఉంది: వీడియో పాటకు ప్రేక్షకులు ఉంటారు, వంత పాడేవారు ఉండరు. పదిమంది గొంతు కలపనిదే పూర్తికాని ‘ఊరు మనదిరా’ చరవాణి తెరకు అంత తేలికగా ఒదగదు. అది ఇప్పటికీ ధర్నా శిబిరాల్లో, సంఘాల మహాసభల్లో, అమరుల సంస్మరణల్లో, అంటే మనుషులు ఒకచోట చేరే సందర్భాల్లోనే ప్రాణంతో వినిపిస్తుంది.

అధ్యయన అవసరం

అంజయ్య పాటల మీద జరిగిన చర్చ ఎక్కువగా ఉద్యమ చరిత్రలో భాగంగానే సాగింది. పాఠం, బాణీ, పాఠాంతరాలు అనే మూడు దిక్కుల నుంచి వాటిని పరిశీలించవలసి ఉంది. ఒకే పాట మంచిర్యాల బొగ్గుబాయిల దగ్గర, జగిత్యాల వరిపొలాల్లో, హైదరాబాదు విద్యార్థి వేదికల మీద ఏ చరణాలతో, ఏ నడకలో పాడారో పోల్చి చూస్తే గాని జనం దాన్ని ఎట్లా తమది చేసుకున్నారో తెలియదు. సాహిత్యాన్ని మాత్రమే అచ్చువేసిన పాటల పుస్తకాలు ఈ పనికి చాలవు. 1978 నాటి సభల్లో గొంతు కలిపినవారిలో చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు అరవై దాటింది. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయపు జానపద విభాగం వంటి సంస్థలు, వాటితోపాటు ఊళ్లలోని ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఈ గాయకులు ఉన్నప్పుడే వారి పాటలను, పాడిన ఊరి పేరు, కాలం, చేర్చిన చరణాల వివరాలతో సహా ధ్వనిముద్రణ చేసి భద్రపరచడం తక్షణం చేపట్టవలసిన పని.